క్రూజర్‌గా మార్చిన బుల్లెట్‌కు బ్రేకులు పెంచుకోవడం: ఏది ముందు, ఏది తర్వాత

బండి కొన్న కొన్నాళ్లకే హ్యాండిల్ మారుతుంది. సీటు కిందికి దిగుతుంది, ఫుట్‌రెస్ట్‌లు ముందుకు జరుగుతాయి, వెనక లావు టైరు ఎక్కుతుంది. బ్రేకు మాత్రం షోరూంలో ఎలా ఇచ్చారో అలాగే ఉంటుంది. ఒకరోజు ఏ లారీ వెనకో గుండె జారిపోయాక అప్పుడు అడుగుతారు: "అన్నా, పెద్ద డిస్క్ వేయిస్తే ఆగుతుందా?"

ఆగొచ్చు. కానీ నేను విప్పి చూసిన బండ్లలో నిజంగా పెద్ద డిస్క్ అవసరమైనవి తక్కువ. మిగతావాటిలో ఉన్న బ్రేకే సగం పని చేస్తోంది. కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కి పట్టే భాగం) పిన్నులు ఎండిపోయి ఉంటాయి, బ్రేక్ ఆయిల్ టీ డికాక్షన్ రంగుకు తిరిగి ఉంటుంది, వెనక షూలు అద్దంలా మెరుస్తుంటాయి. వీటిని వదిలేసి పైన ఖరీదైన సామాను బిగిస్తే డబ్బు పోతుంది గానీ బండి ఆగదు. అందుకే ఇక్కడ అంతా వరుస గురించే చెబుతున్నాను.

ఉదాహరణకు తీసుకున్న బండి ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) లేని పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ముందు 280 మి.మీ. డిస్క్, రెండు పిస్టన్ల కాలిపర్. వెనక 153 మి.మీ. డ్రమ్. మన దగ్గర క్రూజర్లుగా మారే బండ్లలో ఇదే ఎక్కువ కనిపిస్తుంది. ఏబీఎస్ ఉన్న బండి అయితే శుభ్రం చేయడం, ప్యాడ్లు మార్చడం వరకు ఇలాగే చేసుకోండి. హోస్‌లు, డిస్క్ సైజు జోలికి మాత్రం సొంతంగా వెళ్లకండి. ఏబీఎస్ యూనిట్‌లో గాలి చిక్కితే కొన్ని బండ్లకు స్కానర్ పెడితే తప్ప రాదు. చక్రం దగ్గరి సెన్సర్ రింగు కాస్త కదిలినా మొత్తం సిస్టమ్ తికమక పడుతుంది.

1. విప్పే ముందు కొలవండి

"ముందుకంటే బాగా పడుతోంది" అనే మాటకు లెక్క లేదు. ఉదయాన్నే వాహనాలు లేని, పొడిగా ఉన్న, చదునైన రోడ్డు చూసుకోండి. సాయానికి ఒక మనిషి ఉండాలి. రోడ్డు మీద సుద్దతో ఒక గీత గీసి, 60 కి.మీ. వేగంతో వచ్చి, గీత దగ్గర రెండు బ్రేకులూ పట్టి ఆపండి. దూరం టేపుతో కొలవండి. మూడుసార్లు చేసి రాసుకోండి.

టైర్లు, రోడ్డు బాగుంటే 60 నుంచి దాదాపు 20 మీటర్లలో ఆగడం సాధ్యమే. అదే పట్టుతో 80 నుంచి ఆగడానికి 36 మీటర్లు కావాలి. ఇది బ్రేకు పట్టినప్పటి నుంచి లెక్క. ప్రమాదం చూసి చెయ్యి కదిలేలోపు ఒక్క సెకను పోయినా, 80 లో బండి అప్పటికే 22 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. మీకు 60 లో 28, 30 మీటర్లు వస్తున్నాయంటే ఎక్కడో పట్టు పోతోంది.

ఎక్కడ పోతోందో చేతికి, కాలికి తగిలే తీరే చెబుతుంది:

- లివర్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉంది, లేదా పాత రబ్బరు హోస్ ఉబ్బుతోంది.
- లివర్ రాయిలా గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే ప్యాడ్లు గాజుబారాయి, పిస్టన్లు ఇరుక్కున్నాయి, లేదా ఎవరో మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఉండి బ్రేక్ ఆయిల్‌ను లైన్లోకి నెట్టే పంపు) పెద్దది వేశారు.
- లివర్ పట్టి ఉంచితే నెమ్మదిగా హ్యాండిల్ వైపు దిగిపోతుంటే ఎక్కడో లీకు, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయింది.
- బ్రేకు పట్టినప్పుడు లివర్ టకటక కొడుతుంటే డిస్క్ వంగింది, లేదా దాని మందం అన్నిచోట్లా ఒకేలా లేదు.
- వెనక పెడల్ చాలా లోతుకు వెళ్తే షూలు అరిగాయి, లేదా రాడ్ అడ్జస్ట్‌మెంట్ తప్పింది.

టైర్లనూ ఇప్పుడే చూడండి. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపేది టైరు. పక్కన ఉండే నాలుగంకెల కోడ్ చదవండి. 2319 అంటే 2019 లో 23వ వారం తయారీ. గట్టిబడిన పాత ముందు టైరు ఉంచుకుని ఎంత బ్రేకు పెంచినా చక్రం త్వరగా జారడం తప్ప ఒరిగేదేమీ లేదు. వెనక లావు టైరుకు వేలు పోసి ముందు మాత్రం అరిగిన 90/90-19 తో తిరిగే బండ్లు చూస్తే నాకు నిజంగా టెన్షన్.

2. క్రూజర్ లెక్క వేరు

స్పోర్ట్స్ బండి బ్రేకు పట్టగానే బరువంతా ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రం దాదాపు తేలిపోతుంది. పొడవాటి, కిందికి కూర్చున్న క్రూజర్‌లో అలా కాదు. వెనక చక్రం మీద బరువు చాలావరకు నిలుస్తుంది. ముందు బ్రేకే ఇక్కడా ప్రధానం, కానీ వెనక బ్రేకు చేసే పని కూడా చిన్నది కాదు. కాబట్టి డబ్బంతా ముందు డిస్క్ మీద పోయకండి.

ఇక కస్టమ్ పనులు బ్రేకుకు చేసే నష్టం రెండు చోట్ల కనిపిస్తుంది. హ్యాండిల్ ఎత్తు పెంచినప్పుడు పాత హోస్‌ను బిగుతుగా లాగి కట్టేస్తారు. ఫార్వర్డ్ కంట్రోల్స్, అంటే ముందుకు జరిపిన ఫుట్‌రెస్ట్‌లు, పెడళ్లు పెట్టినప్పుడు వెనక బ్రేకు పెడల్ లీవరేజి మారిపోతుంది, ఎవరూ కొలవరు. రెండూ కింద వస్తాయి.

పని వరుస ఇలా పెట్టుకోండి:

1. ముందు కాలిపర్ విప్పి శుభ్రం చేయడం
2. ప్యాడ్లు
3. హోస్, బ్రేక్ ఆయిల్
4. వెనక డ్రమ్, పెడల్
5. మళ్లీ కొలత
6. అప్పటికీ చాలకపోతేనే పెద్ద డిస్క్ లేదా వెనక డిస్క్

ఐదో మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఆగిపోవాలి కూడా.

3. దగ్గర పెట్టుకోవలసినవి

- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్. టార్క్ అంకెలు (ఏ బోల్టును ఎంత బలంతో బిగించాలో చెప్పేవి) అందులోవే వాడాలి, ఎవరో చెప్పినవి కాదు.
- టార్క్ రెంచ్, రింగ్ స్పానర్లు, ఎలెన్ కీలు
- సీల్ విప్పని డాట్ 4 బ్రేక్ ఆయిల్ డబ్బా
- బ్రేక్ క్లీనర్ స్ప్రే, పాత టూత్ బ్రష్, నూలు పోగులు రాలని గుడ్డలు
- బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు
- కొత్త రాగి వాషర్లు, ప్రతి బాంజో బోల్టుకు (హోస్ కొసను బిగించే బోలు బోల్టు) రెండు
- పారదర్శకమైన సన్నటి ట్యూబు, ఒక సీసా, పెద్ద సిరంజి
- మధ్యస్థ బలం థ్రెడ్ లాకర్ (బోల్టు వదులు కాకుండా మరకు రాసే జిగురు), అదే నీలం రంగుది
- వెర్నియర్ లేదా మైక్రోమీటర్
- బండిని నిటారుగా నిలబెట్టే స్టాండ్

సామాను కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో తిరిగితే దొరకనిది ఉండదు. నకిలీలకూ అక్కడ కొదవ లేదు. ప్యాడ్లు, సీల్ కిట్, బ్రేక్ ఆయిల్ ఈ మూడింటి విషయంలో బేరం ఆడకండి. బిల్లు ఇచ్చే షాపులోనే తీసుకోండి.

4. ముందు కాలిపర్ శుభ్రం

క్లాసిక్ కాలిపర్ జారే రకం. పిస్టన్లు ఒకవైపే ఉంటాయి, కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరిగి రెండో ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కుతుంది. పిన్ను ఇరుక్కుంటే పని అంతా ఒకే ప్యాడ్ మీద పడుతుంది.

కాలిపర్ విప్పి, హోస్ మీద బరువు పడకుండా తీగతో ఫోర్క్‌కు వేలాడదీయండి. ప్యాడ్లు తీయండి. ఒకటి సన్నగా, ఇంకొకటి మందంగా ఉంటే దోషి పిన్నులే. వాటిని బయటికి లాగి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బి మళ్లీ ఇరుక్కుంటాయి.

ఇప్పుడు పిస్టన్లు. బయటికి ఉన్న భాగాన్ని బ్రేక్ క్లీనర్‌తో, టూత్ బ్రష్‌తో మెరిసేదాకా తోమండి. ఆ తర్వాతే లోపలికి నెట్టండి. మురికితో నెడితే సీలు చిరుగుతుంది. నెట్టేటప్పుడు పైన రిజర్వాయర్ పొంగుతుంది కాబట్టి ముందే సిరంజితో కాస్త ఆయిల్ లాగేయండి. ఒక పిస్టన్ వేలితో కదిలి ఇంకొకటి మొండికేస్తే సీల్ కిట్ మార్చే సమయం వచ్చినట్టే.

డిస్క్ మందం నాలుగైదు చోట్ల కొలవండి. కనీస మందం ఎంత ఉండాలో మామూలుగా డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. దానికి దగ్గరికి వచ్చిన డిస్క్‌కు కొత్త ప్యాడ్లు వేయడం దండగ. డిస్క్ బోల్టులు తీస్తే తిరిగి బిగించేటప్పుడు నీలం థ్రెడ్ లాకర్ ఒక్కో చుక్క, ఎదురెదురు వరుసలో, మాన్యువల్ టార్క్‌కు.

5. ప్యాడ్లు

మామూలు ఆర్గానిక్ ప్యాడ్ మెత్తగా పడుతుంది, డిస్క్‌ను తక్కువ అరగదీస్తుంది, వానలో కాస్త ఆలస్యంగా పట్టుకుంటుంది. సింటర్డ్ ప్యాడ్ లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో ముద్ద చేసింది. తడిలో, వేడిలో పట్టు నిలుస్తుంది, కానీ డిస్క్‌ను తింటుంది. మీ డిస్క్ తయారీదారు సింటర్డ్‌కు ఒప్పుకుంటేనే అవి వేయండి.

ఊళ్లోనే తిరిగే బండికి మంచి ఆర్గానిక్ చాలు. శ్రీశైలం, అరకు ఘాట్లు నెలకోసారి దిగేవాళ్లకు, ఇద్దరు కూర్చుని లగేజీతో వెళ్లేవాళ్లకు సింటర్డ్ పనికొస్తుంది.

కొత్త ప్యాడ్ ముఖాన్ని వేళ్లతో ముట్టుకోకండి. గ్రీజో, చైన్ లూబో పడిన ప్యాడ్‌ను పెట్రోల్‌తో కడిగినా, మంటలో కాల్చినా మునుపటిలా కాదు. పారేయండి.

6. హోస్: పొడవే ప్రాణం

పాత రబ్బరు హోస్ ఒత్తిడికి కాస్త ఉబ్బుతుంది, ఆ మేరకు లివర్ మెత్తబడుతుంది. లోపల టెఫ్లాన్ గొట్టం, పైన స్టీలు అల్లిక ఉన్న హోస్ ఉబ్బదు. దీంతో బ్రేకు బలం అమాంతం పెరుగుతుందని అనుకోకండి. మారేది చేతికి తగిలే స్పష్టత. ఎంత నొక్కితే ఎంత ఆగుతుందో వేలికి తెలుస్తుంది. క్రూజర్ ఎత్తు హ్యాండిళ్లకు హోస్ పొడవు ఎక్కువ కాబట్టి ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది.

కొలవడం ఇలా:

1. బండిని స్టాండెక్కించి ముందు చక్రం గాల్లో ఉండేలా చేయండి. ఫోర్క్ పూర్తిగా సాగాలి.
2. వంచితే నిలబడే తీగ తీసుకుని మాస్టర్ సిలిండర్ నుంచి కాలిపర్ దాకా హోస్ వెళ్లే దారిలో పెట్టండి.
3. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పండి. తీగ ఎక్కడా లాగకూడదు, హెడ్‌లైట్‌లో చిక్కకూడదు.
4. ఫోర్క్ మొత్తం నొక్కుకుపోయినప్పుడు ఆ మిగులు టైరుకు తగులుతుందేమో చూడండి.
5. ఆ పొడవుకు హోస్ చేయించండి. రెండు కొసల బాంజో కోణాలు పాతదానిలాగే ఉండాలి.

ప్లాస్టిక్ తొడుగు ఉన్న అల్లిక హోస్ తీసుకోండి. తొడుగు లేని స్టీలు అల్లిక ఆకురాయిలా ట్యాంకు పెయింటును, వైర్లను కోసేస్తుంది.

బాంజో బోల్టు మర పిచ్ (మర చుట్ల మధ్య దూరం) తప్పనిసరిగా సరిచూడండి. 10 మి.మీ. బోల్టుల్లో 1.0, 1.25 రెండు పిచ్‌లూ ఉన్నాయి. చూపుకు ఒకేలా ఉంటాయి. మొదటి రెండు చుట్లు చేత్తో తేలిగ్గా ఎక్కకపోతే ఆగిపోండి. స్పానర్‌తో ఎక్కిస్తే కాలిపర్ మర పోతుంది.

రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే. నేను ఒకసారి "బానే ఉన్నాయిగా" అని పాతవి తిప్పి వేశాను. ఇంటి ముందు పరీక్షలో ఒక్క చుక్క లేదు. మర్నాడు పొద్దున లివర్ నేరుగా హ్యాండిల్‌ను తాకింది, కింద ఫెండర్ మీద పెయింటు బొబ్బలెక్కింది. పది రూపాయల వాషర్‌కు ఫెండర్ మొత్తం రంగు వేయించుకున్నాను.

7. బ్రేక్ ఆయిల్ మార్చడం, గాలి తీయడం

పేరుకే అది ఆయిల్. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 గ్లైకాల్ జాతివి, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 5 సిలికాన్ జాతి. పేర్లు దగ్గరగా ఉన్నాయని 5 ను మిగతావాటితో కలపకండి. మీ మాస్టర్ సిలిండర్ మూత మీద ఏది రాసి ఉందో అదే పోయండి.

కొత్త డాట్ 4 కు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ పీల్చాక అది 155 దాకా పడిపోవచ్చు. ఘాట్ దిగుతూ బ్రేకు మీదే ఉంటే కాలిపర్ వేడికి ఆ తేమ ఆవిరై లైన్లో బుడగలవుతుంది, లివర్ ఖాళీగా లోపలికి పోతుంది. బండి తక్కువ తిరిగినా సరే, రెండేళ్లకోసారి మార్చాలి. మూత తీసి ఏడాదిగా షెల్ఫ్‌లో ఉన్న డబ్బా కూడా పనికిరాదు.

ట్యాంకు మీద మందపాటి గుడ్డ కప్పి, పక్కన నీళ్ల మగ్గు పెట్టుకుని మొదలుపెట్టండి. చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోయాలి.

1. రిజర్వాయర్ సమంగా ఉండేలా హ్యాండిల్ తిప్పండి. పాత ఆయిల్ సిరంజితో తీసి, తుడిచి, కొత్తది నింపండి.
2. కాలిపర్ నిప్పల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న బోల్టు) మీద ముందు రింగ్ స్పానర్, తర్వాత ట్యూబు ఎక్కించండి. ట్యూబు రెండో కొస సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉండాలి.
3. లివర్‌ను మెల్లగా మూడు నాలుగుసార్లు నొక్కి, పట్టి ఉంచండి.
4. నిప్పల్‌ను పావు చుట్టు వదులు చేయండి. లివర్ హ్యాండిల్ వైపు జారుతుంది, ట్యూబులో బుడగలు కనిపిస్తాయి.
5. లివర్ అలాగే పట్టుకుని నిప్పల్ బిగించండి. ఆ తర్వాతే లివర్ వదలండి. ఈ వరుస తప్పితే వదిలిన గాలి మళ్లీ లోపలికి వెళ్తుంది.
6. నాలుగైదుసార్లకు ఒకసారి రిజర్వాయర్ చూడండి. ఒక్కసారి అడుగంటితే మొదటి నుంచి మొదలు.
7. బుడగలు ఆగి, రంగు తేటబడేదాకా ఇలాగే.

మామూలు బండికి ఇంతటితో అయిపోతుంది. ఎత్తు హ్యాండిల్ క్రూజర్లకు అసలు తలనొప్పి ఇక్కడే. గాలి సహజంగా పైకే పోతుంది. మనమేమో కిందికి దింపి తీయాలని చూస్తున్నాం. హోస్ మాస్టర్ సిలిండర్ దగ్గర పైకి వంపు తిరిగితే ఆ వంపులో చిన్న గాలి తిత్తి కూర్చుంటుంది, కింద సీసాలో ఒక్క బుడగ రాకపోయినా లివర్ మెత్తగానే ఉంటుంది. మెకానిక్‌లు గంటలకొద్దీ పంపు కొట్టి చివరికి మాస్టర్ సిలిండర్ పోయిందని చెప్పేది ఇలాంటి బండ్లకే.

దానికి మూడు మార్గాలున్నాయి. హ్యాండిల్ క్లాంపు వదులు చేసి మాస్టర్ సిలిండర్‌ను తిప్పి, బాంజో కొస రిజర్వాయర్ కంటే కిందికి వచ్చేలా పెట్టి, హోస్ మీద స్పానర్ పిడితో తట్టుతూ లివర్ చిన్న చిన్నగా కదపండి. రిజర్వాయర్‌లో బుడగలు లేస్తాయి. లేదంటే బాంజో చుట్టూ గుడ్డ చుట్టి, లివర్ పట్టి ఉంచి, బాంజో బోల్టును కొద్దిగా వదులు చేసి వెంటనే బిగించండి. మూడోది నాకు ఇష్టమైనది: పెద్ద సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, నిప్పల్ నుంచి నెమ్మదిగా పైకి తోయడం. గాలి తను వెళ్లాలనుకున్న దారినే వెళ్తుంది. పైన రిజర్వాయర్ పొంగకుండా ఇంకొకరు చూస్తూ ఉండాలి.

చివరగా లివర్‌ను రబ్బరు బ్యాండ్‌తో హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా వదిలేయండి. మిగిలిన సన్న బుడగలు పైకి చేరి, పొద్దున వదలగానే రిజర్వాయర్‌లోకి పోతాయి. చాలాసార్లు ఇదే చివరి మెత్తదనాన్ని తీసేస్తుంది.

బండి తీసే ముందు:

- లివర్ గట్టిగా పట్టి ఒక నిమిషం ఉంచండి. దిగకూడదు.
- రెండు బాంజోల చుట్టూ, నిప్పల్ దగ్గర టిష్యూ కాగితం అద్ది చూడండి. తడి ఉండకూడదు.
- బ్రేకు లైటు వెలుగుతోందా? లివర్ స్విచ్చి ఈ పనిలో తరచూ కదిలిపోతుంది.
- ప్యాడ్లు మార్చాక పిస్టన్లు వెనక్కి ఉంటాయి, మొదటి నొక్కుకు బ్రేకు పడదు. నిలబడి ఉండగానే లివర్ గట్టిపడేదాకా పంపు కొట్టండి. గేటు దాటాక గుర్తొస్తే లాభం లేదు.

8. వెనక డ్రమ్: చిన్నచూపు వద్దు

డ్రమ్ అంటేనే పాతకాలపు సామాను అని తీసిపారేస్తారు. సరిగ్గా అమర్చిన 153 మి.మీ. డ్రమ్ వెనక చక్రాన్ని తేలిగ్గా పట్టేస్తుంది. ఏబీఎస్ లేని బండికి అంతకన్నా ఎక్కువ బలం వెనక ఇస్తే జారుడు తప్ప లాభం లేదు.

చక్రం తీసి డ్రమ్ లోపలి పొడిని తడిగుడ్డతో తుడవండి. కంప్రెసర్ గాలితో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ లోపలి గోడకు గాట్లు పడ్డాయా చూడండి. షూలు అద్దంలా మెరుస్తుంటే 80 నంబరు ఎమరీ కాగితంతో ఆ మెరుపు పోయేదాకా రుద్దండి. లైనింగ్ సన్నబడితే మార్చేయండి.

కొత్త షూలు వేసినప్పుడు ఒక చిన్న పని ఎవరూ చేయరు. లైనింగ్ మీద సుద్దముక్కతో పూర్తిగా గీసి, చక్రం బిగించి, పెడల్ కాస్త నొక్కి రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి చూడండి. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడే తాకుతోంది. మధ్యలో మాత్రమే చెరిగితే అక్కడ ఎమరీతో రుద్ది, తాకే వైశాల్యం పెంచండి. రెండు మూడుసార్లు పడుతుంది. విసుగే, కానీ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

క్యామ్ షాఫ్ట్‌ను తీసి తుడిచి, చాలా పలచగా వేడిని తట్టుకునే గ్రీజు రాయండి. ఎక్కువైతే లైనింగ్ మీదికి కారుతుంది.

బిగించేటప్పుడు రెండు సంగతులు. యాక్సిల్ నట్ చివరి బిగింపుకు ముందు పెడల్ గట్టిగా నొక్కించి పట్టుకోమనండి. షూలు డ్రమ్ మధ్యకు సర్దుకుంటాయి. అప్పుడు బిగించండి. రెండోది, బ్రేకు పట్టినప్పుడు క్యామ్ లివర్‌కూ రాడ్‌కూ మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. 90 దాటిపోతే ఎంత తొక్కినా బలం వృథా. షూలు అరిగాయని రాడ్ నట్ బిగించుకుంటూ పోతే జరిగేది సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఫార్వర్డ్ కంట్రోల్స్ సంగతి. పెడల్ తిరిగే చోటు నుంచి పాదం ఉండే చోటుకు దూరం కొలవండి. అదే చోటు నుంచి రాడ్ తగిలిన చోటుకు దూరం కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది లీవరేజి. కంపెనీ పెడల్‌కూ కొలిచి పోల్చండి. ఉదాహరణకు పాతది 5, కొత్తది 4 వస్తే, అదే కాలి బలానికి బ్రేకు అయిదో వంతు తగ్గినట్టు. రాడ్ తగిలే రంధ్రాన్ని పివట్‌కు దగ్గరగా మార్పించండి. పొడవాటి సన్న రాడ్ నొక్కుడుకు వంగుతుంది, అందుకని లాగే దిశలో పనిచేసేలా అమర్చిన కిట్లే మంచివి. కాలర్లు, కాటర్ పిన్నులు అన్నీ ఉన్నాయా చూడండి. ఒక్క పిన్ను లేకపోతే రాడ్ రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తుంది.

9. మళ్లీ కొలత

కొత్త ప్యాడ్లు, షూలు మొదట కుదురుకోవాలి. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కి.మీ. దాకా మధ్యస్థంగా బ్రేకు పట్టి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోండి. పది పన్నెండుసార్లు చేయండి, మధ్యలో కాస్త చల్లారనివ్వండి. అయ్యాక అయిదు నిమిషాలు బ్రేకు తాకకుండా నడపండి. వేడి డిస్క్‌ను ప్యాడ్‌తో పట్టి నిలిపేస్తే అక్కడే మరక పడి తర్వాత లివర్ కొడుతుంది. డ్రమ్ షూలకు ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఆ తర్వాత మొదటి రోజు చేసిన చోటే, అదే గీత దగ్గర మళ్లీ కొలవండి. 60 నుంచి 20 మీటర్ల దగ్గరికి వస్తుంటే పని అయిపోయింది, సామాను ఎత్తి పెట్టేయండి.

10. అప్పటికీ చాలకపోతే: పెద్ద డిస్క్

బండి బరువు బాగా పెరిగిందా, ఎప్పుడూ ఇద్దరు, సామానుతో ఘాట్లేనా? అప్పుడు 300 మి.మీ. డిస్క్ గురించి ఆలోచించొచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ తన సొంత క్రూజర్ మీటియార్ 350 కి ముందు 300, వెనక 270 మి.మీ. డిస్క్‌లే ఇచ్చింది. 320 కోసం ఆరాటపడనక్కరలేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

280 నుంచి 300 కు వెళ్తే, అదే కాలిపర్‌తో, అదే చేతి బలానికి వచ్చే లాభం సుమారు 7, 8 శాతం. వేడిని తట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది. అద్భుతాలు జరగవు.

కాలిపర్ 10 మి.మీ. బయటికి జరగాలి కాబట్టి బ్రాకెట్ కావాలి. దాన్ని ఒకే దళసరి పలక నుంచి కోయించాలి, వెల్డింగ్ అతుకులు వద్దు. బోల్టులు 8.8 గ్రేడు లేదా పైన. బిగించాక ప్యాడ్ పైఅంచు డిస్క్ అంచు దాటకూడదు, కాలిపర్ స్పోకులకు తగలకూడదు. చక్రం చేత్తో తిప్పి ప్రతి స్పోక్ దగ్గరా చూడండి.

మాస్టర్ సిలిండర్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. పెద్దది వేస్తే బ్రేకు బలం పెరుగుతుందనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంటుంది. 14 మి.మీ. పిస్టన్‌ను 16 చేస్తే దాని వైశాల్యం 30 శాతం పెరుగుతుంది. అదే వేలి బలానికి లైన్లో ఒత్తిడి దాదాపు 23 శాతం పడిపోతుంది. లివర్ గట్టిగా, తక్కువ కదిలికతో ఉంటుంది కాబట్టి చేతికి గొప్పగా తోస్తుంది, బండి మాత్రం ఆగదు. కాలిపర్ కూడా పెద్ద పిస్టన్లదో, ఎక్కువ పిస్టన్లదో వేసినప్పుడే పెద్ద మాస్టర్ సిలిండర్ అర్థవంతం. కాలిపర్ పాతదే అయితే మాస్టర్ సిలిండర్ పాత సైజే ఉండనివ్వండి.

11. వెనక డిస్క్ కన్వర్షన్

క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నేను చాలామందికి వద్దనే చెబుతాను. హబ్, స్వింగ్ ఆర్మ్, కాలిపర్ బ్రాకెట్, మాస్టర్ సిలిండర్, పెడల్, స్పేసర్లు అన్నీ ఒకే బండి నుంచి సెట్టుగా వస్తేనే చేయించండి. థండర్‌బర్డ్ 350 కి 2012 నుంచే వెనక 240 మి.మీ. డిస్క్ వచ్చింది కాబట్టి ఆ సెట్లు వెతుక్కోవచ్చు. అన్నీ వచ్చాక కూడా చైన్ వరుస, చక్రం మధ్యరేఖ సరిచూడాల్సిందే.

నా పాత బండికి ఒక వర్క్‌షాపులో డ్రమ్ స్వింగ్ ఆర్మ్ మీదే కాలిపర్‌ను ఆపే చెవిని వెల్డింగ్ చేశారు. రెండు నెలలకు బండి కడుగుతుంటే ఆ అతుకు పక్కన జుట్టంత గీత కనిపించింది. వేలితో రాస్తే తగిలింది. అది పగుళ్లు మొదలైన చోటు. బ్రేకు పట్టినప్పుడల్లా ఆ చెవి మీద పడే బలం అంతా ఇంతా కాదు. అలాంటి పని ఎవరైనా "అయిపోతుంది భాయ్" అంటే బండి తోసుకుంటూ ఇంటికి వచ్చేయండి.

12. చట్టం

మోటారు వాహనాల చట్టం 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పులకు, 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ రకం ప్యాడ్లు, షూలు, ఆయిల్ మార్చడం మామూలు నిర్వహణ. స్వింగ్ ఆర్మ్, డిస్క్ సైజు లాంటివి ముట్టుకునే ముందు ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

13. పని తర్వాత వచ్చే ఇబ్బందులు

కీచుమనే శబ్దం: ప్యాడ్ వెనక రేకు లేదా షిమ్ పెట్టడం మరిచారు, లేదా కుదురుకోలేదు. ప్యాడ్ అంచులను ఆకురాయితో కాస్త ఏటవాలు చేయండి.

చక్రం స్వేచ్ఛగా తిరగట్లేదు: కాలిపర్ పిన్నులు చూడండి. అవి బాగుంటే రిజర్వాయర్ అతిగా నిండిందేమో చూడండి. కొత్త లివర్ వేశారా? దాని మొన మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను ఎప్పుడూ నొక్కి ఉంచుతుండొచ్చు, కాస్త ఖాళీ ఉండాలి.

చల్లగా ఉంటే బాగుంది, ఘాట్లో మెత్తబడుతోంది: ఆయిల్ పాతది, లేదా గాలి మిగిలింది. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్‌తో ఆపుతూ రండి. బ్రేకు గట్టిగా పట్టి వదలండి, నిరంతరం రాస్తూ దిగకండి.

ముందు ఫోర్క్ అడుగంటి ధడేల్‌మంటోంది: బ్రేకు బాగుపడింది, ఫోర్క్ ఆయిల్, స్ప్రింగులు ముసలివని ఇప్పుడు బయటపడింది. వాటి వంతు వచ్చింది.

మొదటి 100 కి.మీ. తిరిగాక బాంజోలు, కాలిపర్ బోల్టులు, యాక్సిల్ నట్ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. 500 దగ్గర వెనక రాడ్ అడ్జస్ట్‌మెంట్ ఇంకోసారి చేయాల్సి వస్తుంది, కొత్త షూలు అప్పటికి తమ చోటు చేసుకుని ఉంటాయి.